తెరవకుండనే మంచిదన్న గడియారం

మా బాపు పత్తర్‌గట్టి బజార్ల ఒక ముత్యాల దుకాణం మెట్ల పక్కన అద్దాల డబ్బా పెట్టుకొని ముప్పై ఏండ్లు గడియారాలు రిపేరు చేసిండు. ఇప్పుడు కండ్లు కనిపించక యాకుత్‌పురాల ఇంట్లనే ఉంటున్నడు. నేను గూడ గా పనే నేర్చుకున్న గని, నాది వేరే తీరు. బంజారాహిల్స్‌ల ఒక పెద్ద విదేశీ కంపెనీ షోరూం వెనక, ఏసీ గదిల తెల్లకోటు వేసుకొని కూసుంట. పద్దెనిమిదేండ్లాయె.

మా కంపెనీకి పేరొచ్చిందే సాదా గడియారాలతోని. గంట, నిమిషం, తేదీ, గంతే. కింద పడ్డా నడుస్తది, నీళ్లల్ల తడిసినా నడుస్తది. ఎన్నో ఏండ్లకొకసారి నా దగ్గరికి తెస్తే విప్పి, కడిగి, నూనె వేసి ఇస్త. మళ్ల వాళ్లకు ఫికర్ ఉండది. గసుంటి కంపెనీకి మూడేండ్ల కింద ఆలోచన మారింది. చిన్న కార్ఖానాలోళ్లు ఏండ్లకేండ్లు కూసొని చేసే కష్టమైన గడియారాలు ఇగ మేము గూడ చేస్తమన్నరు. మొదలు తెచ్చింది క్యాలెండర్ గడియారం. ఏ నెలకు ఎన్ని రోజులో, ఏ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది వస్తయో దానికే తెలుసు.

అమ్మకానికి పెట్టకముందు మేనేజర్ అందర్ని కూసోబెట్టి ఎవరేమనుకుంటున్నరో చెప్పుమన్నడు. నేను లోపల దాచుకోలే.

"సార్, మన దగ్గరికి వచ్చేటోళ్లు ఫికర్ లేని గడియారం కోసం వస్తరు. ఇది ఖరాబైతే ఇక్కడ బాగు చేసేటోడు ఎవరు? నాకు నేర్పిచ్చినంకనే అమ్ముదాం."

"నువ్వింక పత్తర్‌గట్టిలనే ఉన్నవు," అన్నడు మేనేజర్. అందరు నవ్విన్రు. "కంపెనీ ఇజ్జత్ పెరగాలంటే గిట్లాంటివి చేయాలె. రిపేరంతా విదేశంల, కంపెనీ పెద్ద కార్ఖానాల. నువ్వు వెనక మూత గూడ తియ్యొద్దు."

గా గడియారం మీద నాకేం పగ లేకుండె. కంపెనీ పంపిన వీడియోల దాని లోపలి మిషన్ చూసిన. నాలుగేండ్లకు ఒక్క చుట్టు తిరిగే చక్రం ఉంటది దాంట్ల. నా జిందగీల గంత అందమైన పని చూడలే. నేర్చుకోవాలని పానం కొట్టుకున్నది. ట్రైనింగుకు పంపుమని రెండుసార్లు అర్జీ పెట్టిన. ఇండియాకు అవసరం లేదని రెండుసార్లు ఒకటే జవాబు.

ఒకరోజు పొద్దుగాల ముత్యాల సాహెబ్ షోరూంకు వచ్చిండు. మా బాపు డబ్బా పెట్టుకున్న మెట్లు ఈయన దుకాణానియే. ఎన్నడూ కిరాయి అడగని మనిషి. చేతికి మా కంపెనీ సాదా గడియారమే, దాన్ని నాతోని తప్ప ఎవ్వరితోని తెరిపియ్యకపోతుండె. మేనేజర్ కొత్త క్యాలెండర్ గడియారం ఆయన చేతికి పెట్టి, పాతది ఇచ్చి దీన్ని తీసుకోమన్నడు. సాహెబ్ నన్ను పిలిపిచ్చిండు.

"తూ బోల్ బేటా. నువ్వు చెప్తే తీసుకుంట."

మేనేజర్ పక్కనే నిలవడి నా మొకం చూస్తున్నడు. "మంచిదే సాహెబ్. తీసుకోండ్రి," అన్న.

ముల్లులు రాత్రి తొమ్మిది నుంచి మూడు దాకా చూపిస్తున్నప్పుడు దాని తేదీ ముట్టుకోవద్దు. లోపల చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటయి. దానితోని వచ్చే పుస్తకంల రాసి ఉన్నది. నేను నోటితోని చెప్పాలె, చెప్పలే. అమ్మేటప్పుడు భయపెట్టే మాటలు వద్దని మేనేజర్ ముందుగాలనే అన్నడు.

నాలుగు నెలలకు సాహెబ్‌కు జ్వరమొచ్చి రెండు వారాలు మంచం పట్టిండు. గడియారం ఆగిపోయింది. లేచినంక చావి తిప్పి, తేదీ సరిచేద్దామని పక్కనున్న బొత్తాం నొక్కిండు. ముల్లులు రాత్రి పదిన్నర మీద ఆగి ఉన్నయి. లోపల ఏదో టక్కుమన్నదట. నా దగ్గరికి తెచ్చి బల్ల మీద పెట్టిండు. నేను చెవికి పెట్టుకొని విన్న, మూత మాత్రం తియ్యలే. కాయితం రాసి డబ్బాల పెట్టి పెద్ద కార్ఖానాకు పంపిన.

నెలకొకసారి వచ్చి అడుగుతుండె. నేనొక్కటే జవాబు చెప్తుంటి, ఇంక రాలే సాహెబ్ అని. ఒకసారి అడిగిండు, "నా పాతదన్న ఇయ్యి బేటా." అది అప్పటికే బొంబాయిల ఎవరికో అమ్ముడుపోయింది. చెప్పిన. కూసున్న కుర్చీల నుంచి లేవనికి ఆయనకు జర సేపు పట్టింది.

సంగతి బాపుకు తెలిసింది. పత్తర్‌గట్టి నుంచి వచ్చినోళ్లు ఎవరో చెప్పిన్రు. నేను అన్నం తింటుంటె అడిగిండు.

"గా గడియారం నువ్వు తెరిచి చూసినవా?"

"తెరవనియ్యరు బాపు."

"చూడకుండ మంచిదని ఎట్ల చెప్పినవు?"

"నౌకరీ బాపు."

"సాహెబ్ నౌకరీని అడిగిండా, నిన్నడిగిండా?"

నేను చెయ్యి కడుక్కున్న. బాపు మళ్ల గా ముచ్చట తియ్యలే. నా పని గురించి ఏదడిగినా ఇగ పొడిపొడిగనే అడుగుతుండె.

పదకొండు నెలలకు గడియారం బాగై తిరిగొచ్చింది, ఒక ఉత్తరం తోని. తప్పు వాడినాయనదేనని దాంట్ల ఉన్నది. సాహెబ్ దాన్ని మెల్లగ చదివి, సంతకం పెట్టి, గడియారం చేతికి పెట్టుకోకుండ షేర్వానీ జేబుల వేసుకున్నడు. "నీ తప్పేం లేదు బేటా," అన్నడు. తిట్టినా గంత నొప్పి అనిపియ్యకపోవు.

మేనేజర్‌కు ఢిల్లీల పెద్ద కుర్చీ దొరికింది. కంపెనీ ఇప్పుడు గంటలు కొట్టే గడియారం చేస్తున్నదట. సాదా గడియారాలు గూడ ఇగ రిపేరుకు బొంబాయికే పంపాలని ఆర్డరొచ్చింది. నా పనిముట్లు సంచిల పెట్టి లెక్క అప్పజెప్పిన. ఇప్పుడు గడియారాలు తీసుకొని రసీదు రాసిస్త. తెల్లకోటు మాత్రం వేసుకొమ్మన్నరు, గిరాకులకు మంచిగ కనిపిస్తదట.

పత్తర్‌గట్టి మీదికెళ్లి పోతే నాకు ఇల్లు దగ్గర. నేను దారుల్షిఫా దిక్కు నుంచి చుట్టు తిరిగి పోతున్న.