యాప్రాన్ వద్దన్న పెద్దమ్మ

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. మాది మిర్యాలగూడ పక్కన వేములపల్లి, గొర్లు కాసుకునే కుటుంబం. మా నాయన పొలాల్లో మంద పెట్టినప్పుడు బొందలగడ్డ సమాధుల పక్కన కూడా పడుకునేవాడు. భయం వేయదా అని చిన్నప్పుడు అడిగితే, "దయ్యం గొర్రెను ఎత్తుకపోదు బిడ్డా, దొంగోడు ఎత్తుకపోతడు" అనేవాడు. నాకూ అదే బుద్ధి వచ్చింది.

అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎక్కడ మామూలు కారణం దొరుకుతుందో అక్కడ ఆ కారణమే చెబుతాను.

పెళ్ళయ్యాక కోదాడ వెళ్ళాను. కొన్నాళ్ళకు సూర్యాపేటలో ఒక పారామెడికల్ కాలేజీలో రేడియోగ్రఫీ డిప్లొమాలో చేరాను. ఎక్స్‌రే, సీటీ తీసే టెక్నీషియన్ చదువు అది. చేరకముందు ఒకసారి, చేరిన మొదటి ఏడాదిలో ఒకసారి నాకు కడుపు పోయింది. ఎందుకు పోయిందో డాక్టర్లు చెప్పలేకపోయారు. మా అత్తమ్మ మాత్రం రెండోదానికి కారణం ఎక్స్‌రే మిషనే అని తేల్చేసింది. నిజానికి అప్పటికి మేము మిషన్ మీద చెయ్యి కూడా వేయలేదు, బోర్డు మీద బొమ్మలు చూసి రాసుకోవడమే. ఆ మాట చెబితే వినలేదు.

"ఆ మిషన్ల దగ్గర కడుపు నిలవదమ్మా. చదువు ఎక్కడికీ పోదు, పిల్లలు పుట్టినాక చదువుకోవచ్చు" అంది.

అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. రెండుసార్లూ నా మంచం పక్కనే కూర్చుంది. కానీ నాకు మొండితనం ఎక్కువ. సీసం యాప్రాన్ వేసుకుంటే కిరణాలు లోపలికి రావని, జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదని వాదించాను. మధ్యలో నా భర్త నలిగిపోయాడు. ఈసారి కడుపొస్తే, అదీ నిలవకపోతే చదువు మానేస్తానని ఒప్పుకున్నాకే ఆ గొడవ సద్దుమణిగింది. నాకు బిడ్డ కావాలి, చదువు కూడా కావాలి. ఒకటి పోతే రెండోది కూడా పోయే ఒప్పందం అది.

రెండో ఏడాది ప్రాక్టికల్ శిక్షణకు నన్ను మిర్యాలగూడలో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్‌కు పంపారు. వేములపల్లిలో అమ్మగారింట్లో ఉండి, పొద్దున బస్సెక్కి వెళ్ళేదాన్ని, ఆదివారాలు కోదాడలో మా ఆయన దగ్గరికి. అక్కడి సీనియర్ టెక్నీషియన్ పేరు సైదులు. మంచి పనిమంతుడు, కాస్త నోటి దురుసు. నన్ను రోజంతా ఆటపట్టించేవాడు, కానీ పని దాచుకోకుండా నేర్పాడు.

ఎక్స్‌రేలో కదిలితే బొమ్మ చెడిపోతుంది. పసిపిల్లలు, వణికే ముసలివాళ్ళు కదలకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. టెక్నీషియన్ పట్టుకోకూడదు, రోగితో వచ్చినవాళ్ళకు యాప్రాన్ తొడిగి పట్టించాలి అని కాలేజీలో చెప్పారు. సెంటర్‌లో పద్ధతి వేరు. వచ్చినవాళ్ళు ఆ గది చూస్తేనే జంకుతారు, వాళ్ళకు నచ్చజెప్పేలోపు బయట లైను పెరుగుతుంది. కాబట్టి ట్రైనీ ఉంటే ట్రైనీ పట్టాల్సిందే. నాకు ముందు చేసినవాళ్ళూ పట్టారు, నేనూ పట్టాను. అప్పుడు బటన్ సైదులు నొక్కేవాడు.

అక్కడ ఉన్నది ఒక్కటే యాప్రాన్. దాన్ని కొక్కేనికి వేలాడదీయాలి, మడత పెట్టకూడదు. కానీ సాయంత్రం గది ఊడ్చే ఆయమ్మ దాన్ని చీర మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి బీరువాలో సర్దేది. ఇల్లు సర్దినట్టే గదిని సర్దేది పాపం. ఎవరూ వద్దనలేదు. నేను కూడా అనలేదు.

చేరిన కొద్ది వారాలకు ఒక ముసలాయన వచ్చాడు. చేతులూ తలా ఒకటే వణుకు. కొడుకు ఆయన్ను గదిలో నిలబెట్టి, ఎక్స్‌రే డబ్బులు కట్టడానికి కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు. నేను యాప్రాన్ చేతిలోకి తీసుకున్నాను. తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమ్మ లేచి వచ్చింది.

"నువ్వు అవుతలికి పో బిడ్డా. నేను పట్టుకుంట" అంది.

ఆయన భార్యో చెల్లెలో అనుకున్నాను. యాప్రాన్ ఇవ్వబోతే బరువు తనకెందుకని వద్దంది. చేతులకు మందపాటి వెండి కడియాలున్నాయి. మా పనిలో ఉన్నవాళ్ళ చూపు ముందు లోహం మీద పడుతుంది, అది ఫిల్ములో తెల్లగా పడి అసలు బొమ్మను కప్పేస్తుంది కాబట్టి. కడియాలు తీయమన్నాను. ఊడవంది. మా కులంలో ముసలివాళ్ళవి నిజంగానే ఊడవు, చిన్నప్పుడు వేసినవి చేతులతోపాటే పెరిగినట్టుంటాయి. సరేలే అని అద్దం వెనక్కి వెళ్ళి బటన్ నొక్కాను. బొమ్మ పడిన క్యాసెట్ పలక తీసుకుని పక్క గదిలో మిషన్‌లో పెట్టి వచ్చేసరికి ముసలాయన కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతున్నాడు. ఫిల్ము బాగా వచ్చింది.

ఆ తర్వాత ఎవరినైనా పట్టుకోవాల్సి వస్తే నేను యాప్రాన్ తీసుకునేలోపే ఎవరో ఒకామె లేచి వచ్చేది. ఇక్కడి ఆడవాళ్ళు ధైర్యవంతులే అనుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు. రోజంతా ఛాతీలు, మోకాళ్ళు, నడుములు చూసేవాళ్ళకు ముఖాలు గుర్తుండవు. పోయిన వారం విరిగిన మణికట్టు గుర్తుంటుంది కానీ అది ఎవరిదో గుర్తుండదు. లేచి వచ్చేది ప్రతిసారీ ఒకే మనిషి అన్న సంగతి నాకు తట్టలేదు.

సైదులు అన్న ఒకసారి నా ఫిల్ములు చూసి మెచ్చుకున్నాడు. పిల్లల ఫిల్ముల్లో మామూలుగా పట్టుకున్నవాళ్ళ వేళ్ళో గాజులో అంచున పడతాయి. నావాటిలో ఏవీ పడలేదు. కిరణం ఎంత మేర పడాలో ముందు ఒక వెలుగు చతురస్రం వేసి చూసుకుంటాం. నేను దాన్ని ఇరుకుగా, సరిగ్గా పెడుతున్నానని ఆయన అన్నాడు. నేనూ అదే అనుకున్నాను, కాస్త గర్వపడ్డాను కూడా.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ఒక హాస్టల్ నుంచి చిన్న పాపను తీసుకొచ్చారు. ఆరేడేళ్ళుంటాయి. జ్వరం, దగ్గు. వెంట వచ్చిన సారు కౌంటర్ దగ్గర ఫోన్ మాట్లాడుతున్నాడు. పాపను బల్ల మీద పడుకోబెట్టి, చేతులు తల పక్కకు ఎత్తి పెట్టాను. వదిలితే దించేస్తోంది. బయటికి చూశాను. కడియాల పెద్దమ్మ లేచింది. తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళి పాప తల దగ్గర నిలబడి మోచేతుల దగ్గర పట్టుకుంది. ఆ కడియాలు చూసినప్పుడు, ఈమెను ముందు కూడా చూశానే అని మొదటిసారి అనిపించింది. పాప నాయనమ్మ అయి ఉంటుందని సర్ది చెప్పుకుని అద్దం వెనక్కి వెళ్ళి నొక్కాను. తొందరలో వెలుగు చతురస్రం ఇరుకు చేయడం మరిచిపోయాను.

క్యాసెట్ పెట్టి వస్తుంటే సైదులు అన్న అడ్డం వచ్చాడు. ఆటపట్టించే ముఖం కాదు.

"రేణుకా, జర ఒక మాట అడుగుత, ఏమనుకోకు. గా తలుపు తీసి ఎవ్వలి కోసం నిలబడ్తవ్?"

పాప నాయనమ్మ కోసం అన్నాను.

"పిల్లతోని సారొక్కడే వచ్చిండు. ఆయన నా పక్కనే ఉన్నడు. ఇయ్యాల ఒక్కనాడు గాదు, శాన దినాల సంది సూస్తున్న. తలుపు తీస్తవ్, ఎవ్వలో లోపటికి పోయినట్టు ఆగుతవ్, మల్ల ఏస్తవ్."

గదిలోకి వెళ్ళాం. పాప ఒక్కతే బల్ల మీద కూర్చుని ఉంది. ఆ గదికి ఇంకో తలుపు లేదు. నిన్ను ఎవరు పట్టుకున్నారమ్మా అని అడిగాను.

"మీరే గద మేడం" అంది పాప.

నేను అద్దం వెనక ఉన్నాను. బటన్ అక్కడే ఉంటుంది. పాపను పట్టుకుని ఆ బటన్ నొక్కడం ఎవరి వల్లా కాదు.

ఫిల్ము తెర మీదికి వచ్చింది. వెలుగు ఇరుకు చేయలేదు కాబట్టి అంతా పడింది. ఛాతీ, మెడ, గడ్డం, రెండువైపులా పైకెత్తిన చేతులు, మోచేతులు కూడా. ఎముకలు గీత గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి, ఎక్కడా కదలిక లేదు. మోచేతుల దగ్గర ఇంకెవరి వేళ్ళూ లేవు. కడియాలు లేవు. అంత మందం వెండి పడకుండా ఉండదు. సైదులు అన్న దాన్ని రిపోర్టుకు పంపాడు. మర్నాడు మిషన్‌కు ఒక నిమ్మకాయ కట్టాడు. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు.

ఆ వారంలోనే బస్సులో వాంతి అయింది. అమ్మకు అనుమానం వచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. నెలలు దాటిపోయాయి. రెండోసారి కడుపు పోయినప్పటి నుంచి నాకు నెలసరి సరిగ్గా వచ్చేది కాదు, అందుకే పట్టించుకోలేదు. ఎక్స్‌రేకు వచ్చిన ప్రతి ఆడమనిషినీ నెల తప్పిందా అని అడగడం నా పని. నన్ను నేను ఒక్కసారీ అడుక్కోలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. కడుపు ఎప్పుడు నిలిచిందో డాక్టరమ్మ వెనక్కి లెక్కేసి చెప్పింది. ఆ వణికే ముసలాయన వచ్చింది సుమారుగా ఆ రోజుల్లోనే.

సైదులు అన్నకు చెప్పాను. నన్ను పేర్లు రాసే కౌంటర్‌కు మార్చాడు. వెళ్ళేముందు కాలేజీలో నేర్పిన పరీక్ష ఒకటి చేయమని ఆయన్ను అడిగాను. యాప్రాన్‌ను బల్ల మీద పరిచి దానికే ఎక్స్‌రే తీయడం. తీశాడు. మడతపడ్డ చోటల్లా సీసం పగిలి ఉంది. అన్నింటికంటే పెద్ద పగులు అడ్డంగా, సరిగ్గా పొత్తికడుపు మీదికి వచ్చే చోట ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పక్కన నిలబడి పట్టుకున్నవాళ్ళకు తగిలే కిరణాలు చాలా తక్కువ. అన్నిసార్లూ నేనే పట్టి ఉన్నా బిడ్డకు ఏమీ కాకపోయి ఉండొచ్చు. పుస్తకం అదే చెబుతుంది, నేనూ అదే నమ్ముతాను. కానీ మూడోసారి కూడా పోయి ఉంటే, ఆ పగులు చూశాక, పుస్తకం చెప్పిన మాట నాకే వినిపించేది కాదు.

ఆ పెద్దమ్మ కోసం చాలా వెతికాను. ఆయమ్మను, బయట చాయ్ అమ్మేవాళ్ళను, మందుల షాపువాళ్ళను అడిగాను. ఎవరికీ తెలియదు. వణికే ముసలాయన మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు కొడుకు ముందే అడిగాను. ఆయనా మీరే పట్టుకున్నారమ్మా అన్నాడు. మా అమ్మ చనిపోయిన పెద్దలందరినీ ఒక్కొక్కరుగా గుర్తు చేసుకుంది. అలాంటి మనిషి మా వాళ్ళలో లేదు. మా అత్తమ్మ వివరాలేమీ అడగలేదు. కోదాడ నుంచి వచ్చి నా తల నిమిరి, "ఎవరైతే ఏమ్మా, చల్లగా ఉండాలి" అంది. ఆ మాటకు మొదటిసారి ఏడ్చాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేని భయం అంతా అప్పుడు బయటికి వచ్చింది.

పాప పుట్టింది. డిప్లొమా కూడా పూర్తయింది. ఇప్పుడు సూర్యాపేటలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను.

చాలా కారణాలు ఆలోచించాను. కడుపుతో ఉన్న ఒంటి అలసట కావచ్చు. అత్తమ్మ మాటలు మనసులో నాటుకుని, నన్ను ఆ గది నుంచి దూరం పెట్టే మనిషిని నేనే కల్పించుకుని ఉండొచ్చు. అప్పుడు ఆ ముసలాయన వణుకు ఎలా ఆగిందో చెప్పలేను. లేదంటే రోజూ ఆసుపత్రుల్లో కాలక్షేపం చేసే ఏదో ఒక ముసలమ్మ ఊరికే లేచి వచ్చి సాయం చేసి ఉండొచ్చు, సైదులు అన్న సరిగ్గా చూడకపోయి ఉండొచ్చు. ఫిల్ముల సంగతి పక్కన పెడితే అన్నింటికంటే మామూలు కారణం ఇదే. నాలాంటిదానికి ఇదే నచ్చాలి.

కానీ అది నిజమైతే, నా బిడ్డకు తగలాల్సింది యాప్రాన్ కూడా లేని ఒక ముసలామెకు అన్నిసార్లు తగిలింది. తలుపు తీసి లోపలికి పంపింది నేను. ఒక్కసారి కూడా పేరు అడగలేదు. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. బతికున్న మనిషి మాత్రం అయి ఉండకూడదని కోరుకుంటున్నాను.