జీడితోటలో ఇరవై నిమిషాల గుడిసె

నా భార్య సరళ బడిలో జీవశాస్త్రం చెబుతుంది. ఏటా జీడిపండు బొమ్మ బోర్డు మీద గీయడమే తప్ప చెట్టుకు వేలాడుతుంటే చూడలేదు. ఆ కోరిక తీర్చుకుందామనే 2006 మేలో ఒక ఉదయం పలాసలో రైలు దిగాం. కాశీబుగ్గలో ఇడ్లీ తిని, మనిషికి పదిహేను రూపాయలిచ్చి ఆటోలో గంటకు అక్కుపల్లి చేరాం. ఊరు దాటి తోటల్లో పడ్డాం. పైన కొబ్బరి, కింద జీడి. సరళ ప్రతి చెట్టు దగ్గరా ఆగింది. మూడు దాటేసరికి పడమట ఆకాశం నల్లబడింది. ఊరు అరగంట దూరం. ఈదురుగాలికి ఇసుక లేచి సరళకు ఆయాసం మొదలైంది. ఆమెకు ఉబ్బసం. తడిస్తే ఏమవుతుందోనని భయపడి ఆమె చెయ్యి పట్టుకుని కొబ్బరిచెట్ల కిందికి పరుగెత్తాను.

"బాబూ, అక్కడొద్దు! పిడుగు పడతాది, ఇటు రండి!" అని కేకేసింది జీడిపిక్కలు ఏరుతున్న ఒక పెద్దావిడ. పేరు నీలమ్మ.

కొబ్బరి లేని చోట, పొట్టి జీడిమొక్కల మధ్య రెండు పంగల కర్రలు నాటి, వాటిపై అడ్డంగా ఒక కొమ్మ వేసింది. "ఏటి సూత్తన్నారు? రాలిన కమ్మలట్టుకు రండి!" నేను తెచ్చి పైనుంచి కప్పబోయాను. "కింద నుంచి పేర్సాల బాబూ. నేకపోతే నీళ్లు కారిపోతాయి." గాలి వచ్చే వైపు కమ్మల అంచుల మీద ఇసుక ఎగదోసింది, లోపల ఎండుటాకులు పరిచింది. ఇరవై నిమిషాలు పట్టిందేమో. మేకు లేదు, తాడు లేదు. పొద్దుట్నుంచీ ఏరిన పిక్కలన్నీ నేల మీద గుమ్మరించి, ఆ గోనెసంచి సరళ భుజాలకు కప్పింది.

వాన విరుచుకుపడింది. ఎక్కడో ఫెళ్లుమంది. తొంగిచూస్తే మేం నిలబడబోయిన వరసలోనే ఒక కొబ్బరి మొవ్వు పొగలు కక్కుతోంది. లోపల ఒక్క చుక్క పడలేదు.

"ఇదెక్కడ నేర్చుకున్నారమ్మా?" అంది సరళ, ఊపిరి కుదుటపడ్డాక.

"తుపానుకి ఇంటి కప్పెగిరిపోయింది తల్లీ. ముగ్గురు పిల్లల్తో నాలుగ్రోజులు ఇలాటి దాంట్లోనే ఉన్నాను. నేర్సుకోడానికి ఏటుంది?"

గంటకు వాన వెలిసింది. ముగ్గురం తడి ఇసుకలోంచి పిక్కలు ఏరి సంచికెత్తి, ఆరు కాకుండానే ఊరు చేరాం.

పెద్ద పెద్ద కోటలు చూశాను. ఆ కమ్మల గుడిసె ముందు వంగినంతగా నా తల ఏ గోడ ముందూ వంగలేదు. వేసవిలో ఈ ఉద్దానం తోటలకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మబ్బు పట్టగానే తోచిన చోటికి పరుగెత్తకండి, తోటలో పనిచేసేవాళ్లు ఎటు పిలిస్తే అటు వెళ్లండి.