మూడు పద్యాలు, పైన కొసరు

మనుబోలు దగ్గర ఒక బియ్యం మిల్లులో బస్తాల మీద గుర్తులు వేసే మనిషి ఒకాయన ఉండేవాడు. గుసగుసగా తప్ప మాట్లాడలేడు. కొత్తగా చేరిన హమాలీలు ఏదో రహస్యం చెబుతున్నాడనుకొని చెవి దగ్గరగా పెట్టేవాళ్ళట. తీరా చూస్తే ఆయన చెప్పేది ఈ బస్తా అటు పెట్టమనే. ఒకప్పుడు కావలి నుంచి గూడూరు దాకా జనం బండ్లు కట్టుకొని వచ్చింది ఆ గొంతు కోసమేనని వాళ్ళకు తెలియదు. అది అలా కావడంలో నా పాత్ర ఎంతో మిల్లు యజమానికీ తెలియదు. గుర్తులు వేసే ఆయన భార్యకు తెలుసు. నాకు తెలుసు.

మాది ముత్తుకూరులో చిల్లర అంగడి. నేను పుట్టినప్పుడు నా నాలుకకు తేనె రాసే ముందు మా నాయన ఆ తేనె ధర తగ్గించమని అడిగే ఉంటాడు. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు రెండు సంగతులు నేర్పేవాళ్ళు. అమ్మేవాడి కష్టం వినాలి గానీ నమ్మకూడదు. బేరం తెగాక కొసరు అడగాలి. చింతపండు తూకం అయ్యాక ఇంకో చిటికెడు, నూనె కొలత అయ్యాక ఇంకో నాలుగు చుక్కలు. కొసరు అడగనివాడికి కొనడం రాదని మా నాయన లెక్క. పెళ్ళిచూపుల్లో కూడా నేను పిల్లను చూసి, బాగుంది, కానీ, అని ఆగానట. మా అత్తగారు చనిపోయేదాకా ఆ 'కానీ' మరిచిపోలేదు.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో నేను అంగడి తమ్ముడికి వదిలి నాటకాల కాంట్రాక్టు పట్టాను. డేరా వేయడం, నేల టికెట్లు, కుర్చీ టికెట్లు అమ్మడం, పేరున్న నటుణ్ణి ఒక రాత్రికి మాట్లాడి తేవడం, ఇదీ పని. అప్పటికి మా తీరమంతటా నేను మొదట చెప్పిన ఆయన పేరే పేరు.

సముద్రం వైపు ఒక పాలెంలో పుట్టాడు. క్రైస్తవులు. తండ్రి బడిపంతులు. క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వేషం కట్టి ఒక పాట పాడితే, ఆ దారిన పోతున్న హార్మోనియం మేస్త్రి ఒకాయన ఆగిపోయి, పాట అయ్యేదాకా కదల్లేదట. ఆ మేస్త్రి వెంటే నాటకాల్లోకి వచ్చాడు. రాజ్యం పోయి పరాయి ఊళ్ళో కట్టెలు మోసుకొని బతికే రాజు వేషం ఆయనకు పెట్టింది పేరు. బొట్టు పెట్టి వేషం కడుతున్నాడని సంఘపెద్దలు ఆయన్ని చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్లకు రానివ్వలేదు. తెల్లవారాక ఇంటికి చేరేముందు కొబ్బరినూనెతో బొట్టు తుడుచుకొనేవాడు. సినిమాకని మద్రాసు వెళ్ళి మూడు నెలలకు తిరిగొచ్చాడు. ఏమైందన్నా అంటే, "ఏనుగు ఎనకాల నిలబెట్టినారు తమ్ముడూ. ఏనుగు మాత్రం బాగా చేసింది," అన్నాడు.

మా డేరాల్లో పాడటం మాటలు కాదు. తూర్పు నుంచి ఉప్పుగాలి నోట్లో కొడుతుంది. దానికి ఎదురు పాడాలి. పద్యం బాగుంటే జనం 'వన్స్‌మోర్' అని అరుస్తారు. అరిచారంటే మళ్ళీ పాడాల్సిందే. నాటకంలో చచ్చినవాడు కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు. ఆయనకైతే ఒక్కో పద్యానికి నాలుగైదు వన్స్‌మోర్‌లు పడేవి. రాత్రికి ఎన్ని పాడేవాడో ఎవరూ లెక్కపెట్టలేదు. గాలి మనది కాదు, గొంతు మనది కాదు, ఎవరు లెక్కపెడతారు?

ఆ ఏడు ఎండాకాలంలో మా ఊళ్ళో ఆటకు ఆయనకు తాంబూలం ఇచ్చాను. మా వ్యాపారంలో తాంబూలం పుచ్చుకున్న నటుడు, ఇంట్లో చావు జరిగితే తప్ప, రానని అనకూడదు. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆటకు నాలుగు రోజుల ముందు ఆయన కబురుపెట్టాడు. పొద్దున్నే సైకిలు మీద వెళ్ళాను.

వసారాలో నులకమంచం మీద కూర్చొని మిరియాల కషాయం తాగుతున్నాడు. గొంతుకు ఉన్నిగుడ్డ. భార్య గుంజకు ఆనుకొని నిలబడింది. ఆయన మాట్లాడటానికి నోరు తెరిస్తే ఆవిడే ఆపి, తనే చెప్పింది.

"నెల్లూరు డాక్టరు చూసినాడు. గొంతులో కాయలు లేచినాయంట. రెండు నెలలు నోరు మెదపొద్దన్నాడు. ఇంకో ఇరవై రోజులకి మద్రాసు రేడియోవాళ్ళ పరీక్ష ఉండాది. అది నెగ్గితే కూర్చొని పాడే బతుకు. ఈ డేరాల్లో అరిచేది తప్పతాది."

ఆయన రుమాలు విప్పి చూపించాడు. కఫంలో ఎర్రటి దారంలా ఏదో ఉంది.

నేను చూశాను. చూసి ఏమనుకున్నానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. ధర పెంచడానికి నాందీ అనుకున్నాను. మా అంగడికి వచ్చే రైతు కూడా మిరపకాయలు అమ్మే ముందు పిల్లవాడి జ్వరం గురించి చెప్పేవాడు. జ్వరం నిజమే అయ్యుండొచ్చు. అయినా మేము మిరపకాయల మాటే మాట్లాడేవాళ్ళం.

"ఇప్పుడు ఏం చేద్దామంటావన్నా?" అన్నాను.

"రెండో సగం ఇంకెవురి చేతనైనా కట్టిచ్చు," అన్నాడు మెల్లగా.

"నీ మొహం చూసి కొన్న టికెట్లన్నా. సగంలో ఇంకోడు వస్తే నన్ను ఆ డేరా గుంజకే కట్టేస్తారు."

"సరే. నేనే కడతా. ఒక్కో పద్యం ఒకతూరే. వన్స్‌మోర్‌లు వద్దు."

"పదైనా తీసుకోకపోతే జనం ఒప్పుకోరు."

"ఒక్కటి కూడా వద్దు తమ్ముడూ."

"ఎనిమిది."

ఆవిడ గుంజ దగ్గర నుంచి కదిలింది. "ఏంది శెట్టీ, కూరగాయల బేరమా? లోపల నెత్తురు వస్తా ఉంటే ఎనిమిదంట, పదంట!"

"అక్కా, నాకు మాత్రం ఆయన గొంతు మీద ప్రేమ లేదా? అందుకేగా దిగొస్తా ఉండా," అన్నాను. నవ్వించాలని చూశాను. ఆమె నవ్వలేదు. ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

ఐదన్నాను. ఒకటన్నాడు. నాలుగన్నాను. రెండన్నాడు. రాత్రి మొత్తానికి మూడు దగ్గర తెగింది. ఆపైన జనం అడిగితే నేను తెర దించేయాలి. తిరిగొచ్చేటప్పుడు సైకిలు మీద ఈల వేసుకుంటూ వచ్చాను. సున్నా దగ్గర నిలబడ్డవాణ్ణి మూడు దాకా లాగానని మా నాయనకు చెబితే, "మనోడివే," అన్నాడు. నాటకం గురించి ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆట రోజున డేరా నిండిపోయింది. నేలమీద కూర్చోవడానికి చోటులేక పిల్లలు బండ్ల మీద ఎక్కారు. ఆయన మొదటి పద్యం ఎత్తుకోగానే నాకు బెంగ తీరిపోయింది. గొంతు ఖంగున మోగింది. చూశావా, ఏడుపంతా బేరం కోసమే, అనుకున్నాను. మొదటి వన్స్‌మోర్ పాడాడు. రెండోది పాడాడు. మూడోదానికి కళ్ళు మూసుకొని పాడాడు. నుదుటిమీద చెమటకు బొట్టు కరిగి ముక్కు మీదికి జారింది. తెరపక్క నుంచి ఆవిడ గ్లాసుతో వేడినీళ్ళు అందించింది.

చివరి అంకంలో కట్టెలమోపు దింపి, తన పాత రాజ్యం తలుచుకొని పాడే పద్యం ఉంది. అది అయ్యేసరికి డేరా అంతా లేచి నిలబడింది. వన్స్‌మోర్! వన్స్‌మోర్! ముందున్నవాళ్ళు గుప్పిళ్ళతో ఇసుక పైకి విసురుతున్నారు.

ఆయన తెరపక్కన నిలబడ్డ నా వైపు చూశాడు. మూడు అయిపోయాయి. తెర తాడు నా చేతిలో ఉంది. దించేయాలి. అదీ మాట.

నేను తాడు వదల్లేదు. ఒక వేలు ఎత్తి చూపించాను. ఇంకొక్కటి. కొసరు.

అది ఆలోచించి చేసిన పని కాదు. చింతపండు తూకం అయ్యాక చెయ్యి దానంతటదే ఎలా ముందుకు పోతుందో అలా పోయింది నా వేలు.

ఆయన మోపు మళ్ళీ తలకెత్తుకున్నాడు. మొదటి పాదం బాగానే వచ్చింది. రెండోదాంట్లో పైస్థాయికి వెళ్ళి అక్కడ ఆగాడు. ఆగడం కాదు. నోరు తెరిచే ఉంది, మెడ నరాలు తేలే ఉన్నాయి, హార్మోనియం మేస్త్రి అదే స్వరం పట్టుకొని కూర్చున్నాడు. శబ్దం మాత్రం రాలేదు. ఏడుపు నటిస్తున్నాడనుకొని జనం చప్పట్లు కొట్టారు. అంత పెద్ద చప్పట్లు నా కాంట్రాక్టుల్లో మళ్ళీ వినలేదు.

ఆవిడ వచ్చి నా చేతిలోని తాడు లాక్కొని తెర దించింది.

తరువాత ఆయన మాట పూర్తిగా పోయి, వారానికి గాలి కలిసిన గొంతొకటి వచ్చింది. పరీక్షకు వెళ్ళొద్దన్నాడు డాక్టరు. వెళతానన్నాడు ఆయన. ఆవిడ మా అంగడికొచ్చి, గల్లాపెట్టె దగ్గరున్న మా నాయన ఎదుటే, "నువ్వు కూడా పో శెట్టీ. పోయి చూసిరా," అంది. మా నాయన తలెత్తలేదు. నేను వెళ్ళాను.

మద్రాసులో రేడియో భవనం బయటి గదిలో పదిమంది కూర్చొని లోలోపల రాగాలు తీసుకుంటున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కాతో, ఒళ్ళో చేతులు పెట్టుకొని మౌనంగా కూర్చున్నాడు. పిలిచారు. తలుపులో చిన్న అద్దం ఉంది. దానిలోంచి చూశాను. తంబూరా శ్రుతి పెట్టారు. ఆయన మైకు ముందు గొంతు సవరించుకొని నోరు తెరిచాడు. నాకు ఏమీ వినపడలేదు. అద్దం మందమని అనుకోవాలని చూశాను. లోపల కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకరు వెంటనే చెయ్యెత్తారు, మర్యాదగానే. పావుశేరు పప్పు తూచే సమయం కూడా పట్టలేదు.

వీధిలోకి వచ్చాం. మధ్యాహ్నపు ఎండ. సోడాబండి దగ్గర నిలబడ్డాం. రెండు సోడాలు చెప్పాను. ఆయన తాగలేదు. గ్లాసు పట్టుకొనే నా చెవి దగ్గరకు వంగాడు.

"నీ తప్పేం లేదులే తమ్ముడూ. నాలుగోది నాకే పాడాలనిపించినాది. జనం అట్టా నిలబడి అడగతా ఉంటే నేను మాత్రం ఎట్టా ఊరుకుంటా?"

అందులో నిజం ఎంతో నాకు తెలియదు. కొంత ఉండే ఉంటుంది. కానీ వేలెత్తింది నేను. కాదన్నా, నేనే అడిగాను, తాడు నా చేతిలోనే ఉంది, అని చెప్పాలి. నాలుగు మాటలు. ఆయన నా మొహంలోకి చూస్తూ ఆ మాటల కోసమే ఆగాడేమో కూడా.

అనుకున్నదానికంటే చవగ్గా వస్తున్న సరుకును, అమ్మేవాడు మనసు మార్చుకోకముందే సంచిలో వేసుకుంటాం. అలాగే తీసుకున్నాను ఆయన మాటను.

"అంతేలే అన్నా," అన్నాను.

ఆయన తల ఊపి, సోడా నేలమీద పారబోసి, గ్లాసు బండి మీద పెట్టాడు. స్టేషను వైపు ముందు ఆయన, వెనక నేను నడిచాం.