గుర్తింపు పరేడ్‌కు వెళ్లిన రోజు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఇంకా రెండేళ్ల సర్వీసు ఉండగా, నన్ను కావేరిపట్టణం నుంచి హోసూరు దగ్గర సూళగిరి వైపున్న ఒక ఉపకేంద్రానికి గ్రామ ఆరోగ్య నర్సుగా మార్చారు. ఉపకేంద్రంలో డాక్టరు ఉండరు, నర్సు ఒక్కతే ఉంటుంది. గర్భిణులకు బీపీ చూడడం, రక్తపరీక్షలు చేయడం, బుధవారాల్లో పసిపిల్లలకు టీకాలు వేయడం మా పని. టీకా మందును ఐస్ పెట్టెలో పెట్టుకుని మోపెడ్ మీద పల్లెలకు వెళ్లేదాన్ని.

ఒక బుధవారం మధ్యాహ్నం, హైవేకు దూరంగా లోపలున్న పల్లెలో టీకాలు ముగించి తిరిగి వస్తున్నాను. నీలగిరి తోపు దగ్గర వెనకనుంచి బైకు వచ్చింది. వెనక కూర్చున్నవాడు నా మెడలోని తాళి గొలుసు పట్టి గుంజి తెంపుకున్నాడు. బండితో సహా కింద పడ్డాను. వాడు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ముఖానికి ఏమీ కట్టుకోలేదు.

ఆ రోజే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. మెడ మీద గాయం మానింది కానీ, బైకు చప్పుడు వింటే చాలు, చేతులు చల్లబడేవి. ఆ పల్లెకు వెళ్లడం మానేసి, తల్లులనే హైవే పక్కనున్న అంగన్‌వాడీకి రమ్మన్నాను. మంజుల అనే నిండు గర్భిణి ఎండలో నడిచి వచ్చి, కళ్లు తిరిగి బెంచీ మీద పడిపోయింది. బీపీ బాగా ఎక్కువగా ఉంది. తేరుకున్నాక, “మీరు ఆడికే వస్తా ఉంటే బాగుండు నర్సమ్మా” అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమెను ఆసుపత్రికి పంపించాను.

కొన్నాళ్లకు ఒకణ్ణి పట్టుకున్నామనీ, గుర్తింపు పరేడ్‌కు రావాలనీ కబురొచ్చింది. నిందితుణ్ణి అదే వయసు, అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మనుషుల మధ్య నిలబెడతారు. సబ్‌జైలులో, మేజిస్ట్రేట్ ఎదుట జరుగుతుంది. పోలీసులు లోపలికి రాకూడదు. సాక్షి ఒంటరిగా వెళ్లి మనిషిని తాకి చూపించాలి.

“వద్దులేమ్మా. నువ్వు పోయే దావ వాళ్లకి తెలుసు. బెయిల్ మీద బయటికి వస్తే?” అన్నాడు మా ఆయన.

మా చర్చి సంఘంలో ఎస్తేరమ్మ అని ఉండేది. హోసూరు గులాబీ తోటల్లో పని, తెల్లారకముందే ఒంటరిగా నడిచి వెళ్లే మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక, నీకు భయం లేదా అని అడిగాను.

“ఉండాదమ్మా, యాడికి పోతుంది? దొంగ రాకుండా చూడు తండ్రీ అని నేను అడగలేదు. నా పక్కన నడువు అని అడిగినాను. నడస్తానే ఉండాడు.”

ఇద్దరం మోకరించాం. అన్నాళ్లూ నేను చేసింది కంఠతా వచ్చిన ప్రార్థనే. ఆ రోజు నా మాటల్లో చెప్పుకున్నాను: “ప్రభువా, ఆ ముఖం తలుచుకుంటేనే వణుకుతున్నాను. నువ్వు పక్కనుంటే చూస్తాను.” లేచేసరికి వెళ్లాలని నిశ్చయించుకున్నాను.

పరేడ్ రోజు మా ఆయన గేటు బయట ఆగిపోయాడు. లోపల వరుసగా నిలబడ్డ మనుషులను చూడగానే వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది. “పక్కన నడువు తండ్రీ” అనుకుంటూ ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ నడిచాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు. ఎదుట ఆగాను. తల ఎత్తాడు. అవే కళ్లు. వాడి భుజం మీద చెయ్యి వేశాను. నా చెయ్యి వెచ్చగా, నిలకడగా ఉంది. వణికింది వాడే.

ఎలా గుర్తుపట్టావని మేజిస్ట్రేట్ అడిగారు. “నన్ను పడదోసి వెనక్కి తిరిగి చూసినాడయ్యా. మరిచిపోలేదు” అన్నాను. బయటికి వచ్చేసరికి నవ్వుతున్నానట, మా ఆయన చెప్పాడు.

తర్వాతి బుధవారం ఐస్ పెట్టె కట్టుకుని ఆ పల్లెకే బయలుదేరాను. నీలగిరి తోపు దగ్గర వెనక బైకు చప్పుడు వినిపించింది. ప్రార్థన ఆపలేదు, బండీ ఆపలేదు. పాల క్యాన్లవాడు చెయ్యి ఊపి దాటిపోయాడు. పల్లెలో ఆడవాళ్లు “నర్సమ్మ వచ్చిందే!” అని కేకలేసుకుంటూ ఎదురొచ్చారు. మంజుల, ఆసుపత్రిలో క్షేమంగా పుట్టిన ఆడపిల్లను అందరికంటే ముందు నా ఒళ్లో పెట్టింది. ఆ రోజు ఆ పల్లెలో టీకా పడని పసిబిడ్డ మిగల్లేదు.

కోర్టులో సాక్ష్యం చెప్పాను. వాడికి శిక్ష పడింది. గొలుసు మాత్రం దొరకలేదు.

కొత్తగా చేరిన నర్సులకు, డ్యూటీకి బంగారం వేసుకోవద్దని, ఏదైనా జరిగితే అదే రోజు ఫిర్యాదు ఇవ్వమని చెబుతాను. మీకు భయం ఎలా పోయిందని అడిగినవాళ్లకు ప్రార్థన సంగతి కూడా చెబుతాను. ఆ దారికి దొంగలు మళ్లీ రారని నాకెవరూ హామీ ఇవ్వలేదు. రిటైరయ్యేదాకా అదే దారిలో, దేవుడి తోడుతో, ధైర్యంగా తిరిగాను.