బాగా తట్టుకున్నాడు

ఆ మాట నా చేత్తోనే రాశాను. అందుకే ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మూత్రసంచిని కెమెరా గొట్టంతో చూసే గదిలో నేను నర్సుని. గొట్టాలు రెండు రకాలు ఉండేవి. ఒకటి స్టీలుది, వంగదు. మగవాళ్లకు లోపలి దారి వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపును సాపు చేసుకుంటూ పోవాలి కాబట్టి మత్తు జెల్లీ ఎంత వేసినా నొప్పి తప్పదు. రెండోది సన్నది, మెత్తది, దారి ఎటు తిరిగితే అటే పోతుంది. నాజూకు సామాను, పాడైపోతుందని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. గోల చేసేవాళ్లకు, పెద్దవాళ్లతో ఫోన్ చేయించేవాళ్లకు మాత్రమే అది బయటికి వచ్చేది.

మూత్రంలో రక్తం పడుతోందని నాన్నను భద్రాచలం అవతలి మా ఊరి నుంచి నేనే తీసుకొచ్చాను. గడ్డ ఉంటే ఆపరేషన్ చేసి తీసేశారు. మళ్లీ పుడుతుందేమో, మూడు నెలలకోసారి గొట్టం వేసి చూడాల్సిందే అన్నారు. మొదటిసారి స్టీలుదే వేశారు. నాన్న కిక్కురుమనలేదు.

“పెద్దాయన గట్టోడే. రాసెయ్ సిస్టర్” అన్నారు డాక్టరు. “బాగా తట్టుకున్నాడు” అని రాశాను. సిగ్గు లేకుండా కాస్త గర్వపడ్డాను కూడా.

నాకు తెలియదా? నాన్న వయసులో ఉన్నప్పుడు తేనె తీసేవాడు. చెట్టు మీద ఒకడు వేలాడుతుంటే కింద తాడు పట్టుకున్నవాణ్ని ఎన్ని ఈగలు కుట్టినా నోరు తెరవకూడదు. అరిస్తే పైవాడు బెదిరి పడతాడు. మా వైపు మగవాళ్లంతా పరీక్ష బల్ల మీద అలాగే పళ్లు బిగబట్టి పడుకునేవారు. అందరికీ అదే మాట రాశాను.

రెండోసారి నాన్న రానన్నాడు.

“సచ్చిపోత గని ఆ గొట్టం మళ్ల ఏపిచ్చుకోను బిడ్డా. రెండొద్దులు రగతమే వడ్డది.”

“మరి అరవకపోతివేంది నాయినా?”

“నువ్వు పక్కన్నే ఉంటివి. నేనరిస్తే నువ్వు బెదురుతవని.”

బతిమాలి, ఒట్టు వేసి తీసుకొచ్చాను. మెత్తది వేయమని అడిగితే డాక్టరు కాగితం తిప్పి చూపించారు. “ఎందుకు? బాగా తట్టుకున్నాడు కదా. నీ రాతే ఇది.”

నా గొంతు వరండా అంతా వినబడింది. ఏమన్నానో సగం గుర్తు లేదు. నొప్పి లేకపోవడం వేరు, నోరు మెదపకపోవడం వేరు అన్నాను. బీరువా తాళంచెవి తెచ్చేదాకా ఇక్కడి నుంచి కదలను అన్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆ కోపం డాక్టరు మీద సగమే.

తాళంచెవి తెచ్చారు. జెల్లీ వేసి, ఈసారి మత్తు ఎక్కడానికి ఆగాల్సినంతసేపూ ఆగారు. గడ్డ మళ్లీ రాలేదు. నాన్న తల ఎత్తి చూశాడు.

“అయిపోయిందా? గింతేనా?”

“అవ్ నాయినా.”

ఆయన ఆ మెత్తటి గొట్టం వైపు కాసేపు చూశాడు.

“గిది అప్పుడు లేకుండెనా బిడ్డా?”

“ఉండె నాయినా” అన్నాను.