బర్రె బొక్క, ఏనుగు దంతం

మొన్న పొద్దున కొండగట్టు నుంచి జగిత్యాలకు వస్తుంటే రోడ్డు పక్కన ఒక ఫ్లెక్సీ కనబడింది. పురాతన వస్తువులు గుర్తించి విలువ కట్టబడును అని రాసి ఉంది. కింద ఒక మనిషి భూతద్దం పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వును నేనెరుగుదును. నేను అబద్ధాలు అల్లుతానని మా చుట్టాల్లో పేరుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక్కదానికీ నేను ఫీజు తీసుకోలేదు.

నాలుగేండ్ల కింద ఆ మనిషిని కోరుట్లలో మా మేనత్త ఇంటికి పిలుచుకొచ్చినవాడు ఆమె కొడుకు, మా బావ. సిరిసిల్లలో చీరల దుకాణం. తల్లిని చూడటానికి వచ్చినా ముందు గోడ గడియారాన్నీ ఇత్తడి గంగాళాన్నీ పలకరించి, తర్వాత ఆమె దగ్గరికి వచ్చే రకం. ఆ యేడు ఆయన కన్ను చదరంగం మీద పడింది. పసుపు తిరిగిన తెల్లటి పావులు, ఒక చెవి విరిగిన ఒంటె, పోయిన బంటు బదులు మగ్గం కండె ముక్క. మేనత్తా, మేమంతా ఆపా అని పిలిచే పక్కింటి ముసలమ్మా రోజూ మధ్యాహ్నం అన్నం తిని ఆడేది దానితోనే. ఇద్దరికీ మోకాళ్ళు పోయాక ఆ రెండు గడపలు దాటని వాళ్ళకు మిగిలిన సంతోషం ఆ ఆట. బావ దాన్ని అమ్ముతానన్నాడు. బదులు ప్లాస్టిక్‌ది కొనిస్తాడట, ఉదారంగా.

"గది బర్రె బొక్కరా కొడుకా. ఆపా వాళ్ల నాయిన దువ్వెనలు చేసేటోడు. నా లగ్గానికి చెక్కి ఇచ్చిండు" అని, అది వట్టి ఎముకేనని మేనత్త ముందే చెప్పింది.

"నువ్వు ఊకో అవ్వా, నీకేం ఎర్క" అన్నాడు బావ.

ఇక ఆ ఫ్లెక్సీ పండితుడు. నిన్నటిదాకా తక్కెడ పట్టుకుని వీధుల్లో పాత ఇనుము కొన్నవాడు, లాల్చీ తొడగగానే పండితుడయ్యాడు. గుర్రాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కండె ముక్కను తిప్పితిప్పి చూసి, ఇప్పుడు దొరకని అడవి కర్ర అన్నాడు. చివరికి ఇది అసలైన ఏనుగు దంతమనీ, నవాబుల కాలం నాటిదనీ, లక్షల్లో పలుకుతుందనీ తేల్చాడు. బావ అక్కడే సంచి తెరిచి పావులు నింపసాగాడు. మంత్రి పావు పక్కనే కూర్చున్న ఆపా చేతిలో ఉంది. ఇమ్మని చెయ్యి చాపాడు. ఆమె గుప్పిట విప్పలేదు.

అప్పుడు నేను నోరు విప్పాను. "బావా, దంతం అమ్ముడు నేరం గదా. రుద్రంగిల ఒకాయన దంతం పుల్ల అమ్మబోయి ఫారెస్టోళ్లకు దొరికిండు. ఇంకా కోర్టు చుట్టే తిరుగుతుండు."

చట్టం నిజమే. రుద్రంగి మనిషిని మాత్రం ఆ నిమిషంలోనే పుట్టించాను. బావ గుచ్చిగుచ్చి అడుగుతుంటే ఆయనకు భార్యనూ, ఇద్దరు పిల్లలనూ, బీపీనీ కూడా ఇచ్చాను. బావ మొఖం సున్నం కొట్టినట్టయింది. బేలగా పండితుడి వైపు చూశాడు. ఆ మహానుభావుడు అదే భూతద్దంతో అదే గుర్రాన్ని మళ్ళీ చూసి, "సన్న నల్లచుక్కలున్నయి సార్. దంతానికి గివి ఉండయి. ఇది బొక్క" అన్నాడు.

"ఏం బొక్క?" అని మేనత్త అడిగింది.

"బర్రెదే అయ్యుంటదమ్మా."

మేనత్త కొడుకు వైపు తిరిగింది. "అయితే ఆ ఫీజు నాకియ్యిరా. నేను పొద్దుగాలనే చెప్పిన."

వాళ్ళు కారెక్కాక ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూశాను. చుక్కలు నిజంగానే ఉన్నాయి. జీవితంలో ఒక్క నిజం చెప్పడానికి ఆ పండితుడికి ఎంత భయం కావలసి వచ్చిందో.

మేనత్త పోయి రెండేండ్లయింది. చదరంగం ఇప్పుడు ఆపా ఇంట్లో ఉంది. బావ ఇప్పుడు మేనత్త సందూక పెట్టెలోని పాత ఫొటోలు ఒక్కొక్కటే నా ఫోనుకు పంపి, వీళ్ళెవరు, ఎవరి తాలూకు అని అడుగుతుంటాడు. నోటికొచ్చింది చెబుతాను. నమ్ముతాడు, పిల్లలకూ చెబుతాడు. తెలిసిన మనిషి పక్కన కూర్చున్నన్నాళ్ళూ అడగనివాడికి, కాలం చివరికి నాలాంటివాణ్ణి మిగులుస్తుంది.