వడ్డాణం కోసం ఒక నీళ్ల కూలర్

2024 మే నెల. రోహిణి కార్తె ఇంకా రాకముందే బందరు ఉడికిపోతోంది. కోనేరు సెంటర్‌కి రెండు సందుల అవతల నాకు కంప్యూటర్ల మరమ్మతు దుకాణం ఉంది. అమ్మకాలు తక్కువ, మరమ్మతులు ఎక్కువ. మా వంశంలో అందరూ బడిపంతుళ్లూ గుమాస్తాలే. ఆ రక్తమే కాబోలు, నాకు ప్రతిదానికీ భయం. గ్యాస్ కట్టేశానా లేదా అని గుమ్మం దాటాక వెనక్కి వెళ్లి చూసే మనిషిని. "మిమ్మల్ని నమ్మి కంప్యూటర్లు ఎలా ఇస్తున్నారో గానీ, మీకు మీమీదే నమ్మకం లేదు" అంటుంది మా ఆవిడ. నిజానికి ఈ పనిలో భయం అక్కరకొస్తుంది. బిగించిన స్క్రూను ఇంకోసారి చూసేవాడి దగ్గరికే జనం మళ్లీ వస్తారు. ఆ వేసవిలో మాత్రం నా భయం సాయం చేయకపోగా అడ్డం పడింది.

ఒకరోజు పొద్దున్నే సుగుణ అనే ఆవిడ ఆటోలో దిగింది. పాత దుప్పట్లో చుట్టిన సీపీయూ కేబినెట్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని మెట్లెక్కింది. వాళ్లది చిలకలపూడి, రోల్డుగోల్డు నగల పని. ఇంట్లో మగవాళ్లు పాలిష్ పడతారు, ఆడవాళ్లు రాళ్లు అంటిస్తారు. సుగుణ మాత్రం కంప్యూటర్లో నగల డిజైన్లు గీస్తుంది. ఆ గీతల నుంచే అచ్చులు తయారవుతాయి.

"అన్నయ్య గారూ, బొమ్మ సగంలో ఉండగానే ఆగిపోతోందండీ. తెర చీకటైపోతోంది" అంది.

బొమ్మంటే రెండరింగ్. గీసిన నగ మీద వెలుగు ఎలా పడుతుందో, ఒక్కో రాయి ఎలా మెరుస్తుందో కంప్యూటర్ లెక్కగట్టి ఫొటోలాంటి బొమ్మ తయారుచేస్తుంది. ఒక్కో బొమ్మకు గంటలు పడుతుంది. అంతసేపూ ప్రాసెసర్‌కు ఊపిరాడదు. మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ముందు నెమ్మదిస్తుంది, తర్వాత మిషన్ మొత్తాన్నీ ఆపేస్తుంది.

సోమవారం బెజవాడ నుంచి ఒక హోల్‌సేల్ వ్యాపారి వస్తున్నాడని చెప్పింది. పెళ్లికూతురి సెట్టు కావాలట. వడ్డాణం, వంకీలు, హారం. ఇద్దరు ముగ్గురి దగ్గర బొమ్మలు చూసి, నచ్చినవాళ్లకు ఏడాది పని మొత్తం ఇస్తాడట. "గీయడం అయిపోయిందండీ. బొమ్మే రావట్లేదు. ఈ పని రాకపోతే మా ఇంటి మగవాళ్లు మిషన్లు కట్టేసి కూలికెళ్లాల్సిందే. బయట బేరాలు అంత మందకొడిగా ఉన్నాయి" అంది. చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి కేబినెట్ మీదే ఉంది.

విప్పి చూశాను. ఫ్యాను రెక్కల మధ్య పాలిష్ పొడి ఎర్రటి అట్టలా కట్టేసింది. అంతా శుభ్రం చేసి కొత్త థర్మల్ పేస్టు పెట్టాను. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని అందించే పూత అది. అయినా స్ట్రెస్ టెస్టు పెడితే, అంటే ప్రాసెసర్ చేత పూర్తి బరువు మోయిస్తే, ఇట్టే నూరు డిగ్రీలకు చేరింది. పెద్ద ఎయిర్ కూలర్ వేద్దామంటే ఆ సన్నటి కేబినెట్‌కు పక్క మూత పడదు.

మిగిలింది లిక్విడ్ కూలర్. పేరున్న కంపెనీలది ఆమెకు అందుబాటులో లేదు. చవకది ఒకటి, డీలరు శాంపిలుగా ఇచ్చి వెళ్లినది, నా అరలో సీలు తీయకుండా ఉంది. ఎవరికైనా బిగించాలంటే నాకే ధైర్యం చాలక అలా ఉంచేశాను.

"నీళ్లాండీ? కంప్యూటర్లోనా?" అంది సుగుణ.

చూపించాను. ప్రాసెసర్ మీద కూర్చునే రాగి పలక, దాని మీదే చిన్న పంపు, రెండు గొట్టాలు, చివర రేడియేటర్. పలక దగ్గర వేడెక్కిన ద్రవం గొట్టంలో రేడియేటర్‌కు వెళ్తుంది, అక్కడ ఫ్యాన్లు దాన్ని చల్లారుస్తాయి, మళ్లీ వెనక్కి వస్తుంది. కారులో ఇంజన్‌కు ఉండేదే. ఆమెకు చెబుతున్నాను గానీ నా కళ్లు వారంటీ కార్డు మీదే ఉన్నాయి. కూలర్ పాడైతే కూలర్ మారుస్తామని ఉంది. అది కారి బోర్డు తడిస్తే ఎవరు మారుస్తారో లేదు.

అందుకే అన్నాను: "ముందు జాగ్రత్తకి, మీ ఫైళ్లన్నీ ఒక కాపీ తీసి నా దగ్గర పెట్టుకుంటానమ్మా."

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వద్దండీ. ఏమీ అక్కర్లేదండీ" అని స్టూలు నా బల్ల పక్కకు లాక్కుని కూర్చుంది. మధ్యాహ్నమైంది. భోంచేసి రమ్మన్నాను. ఆకలి లేదంది. మజ్జిగ తెప్పిస్తే గ్లాసు పక్కనే పెట్టుకుంది గానీ తాగలేదు. నీళ్లంటే పాపం ఎంత భయపడుతోందో అనుకున్నాను.

ఆ రోజంతా ఆ కూలర్‌ను పరీక్షించాను. గొట్టాల అతుకుల కింద తెల్లటి టిష్యూ కాగితాలు పరిచాను, చుక్క కారితే కనబడుతుందని. పంపులో గాలిబుడగ చేరకుండా రేడియేటర్‌ను పంపు కన్నా ఎత్తులో బిగించాను. ఏసీ కట్టేసి, పక్క మూత బిగించి, స్ట్రెస్ టెస్టు వదిలేశాను. రేడియేటర్ రెక్కలు పల్చన, రెండు చోట్ల వంగి కూడా ఉన్నాయి. ఫ్యాన్లు కాస్త గోల. పంపు మాత్రం బుద్ధిమంతురాలు, చెవి పెడితే తప్ప వినబడలేదు. వేడి డెబ్బై ఆరు దగ్గర నిలబడిపోయింది. కాగితాలు పొడిగానే ఉన్నాయి.

"మీ వడ్డాణం ఫైలే తెరవండమ్మా, అసలు పనితోనే చూద్దాం" అన్నాను.

"మీ పరీక్షతోనే చూడండి అన్నయ్య గారూ. నాది ఇంటికెళ్లాక చూసుకుంటాను."

సాయంత్రం అదే దుప్పట్లో చుట్టుకుని పట్టుకెళ్లింది. మర్నాడు పొద్దున షట్టరు తీస్తుండగానే ఫోను. "మళ్లీ ఆగిపోయిందండీ."

 ముందుగా కళ్ల ముందు కదిలింది నీళ్లే. "తడి ఉందా? ఎక్కడైనా తడి ఉందా?" అని అరిచాను. లేదంది. తీసుకొచ్చింది. అతుకులన్నీ వేలితో తడిమాను, పొడిగానే ఉన్నాయి. టెస్టు పెడితే అదే డెబ్బై ఆరు. ఆమె అదే స్టూలు మీద, అలాగే కూర్చుంది. వోల్టేజీ అనుమానంతో పవర్ సప్లై మార్చి పంపాను. శనివారం మధ్యాహ్నం మళ్లీ ఫోను. మళ్లీ అదే మాట.

చవక వస్తువు అంటగట్టి ఒక ఇంటి పని చెడగొట్టానన్న బెంగతో నాకు అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని ఆ పంపు చప్పుడు గుర్తు తెచ్చుకుంటుంటే మా ఆవిడ విసుక్కుంది. "దుకాణంలో ఆడుతోంది, ఇంట్లో ఆగుతోంది. అంటే తేడా మిషన్లో లేదు కదా. వెళ్లి ఆ ఇల్లు చూడరాదూ?"

ఆదివారం నేనే ఫోను చేశాను. "ఇంటికొచ్చి చూస్తానమ్మా."

"ఇంటికెందుకండీ! ఇల్లంతా సామాను. నేనే తెస్తాను."

"తెస్తే ఇక్కడ బాగానే ఆడుతుందమ్మా. రేపే కదా ఆయన వచ్చేది?"

 వెనక పాలిష్ మోటారు రొద వినబడుతోంది. చివరికి "రండి" అంది. పిలుపులా లేదు, ఇక చేసేదేమీ లేక అన్నట్టుంది.

వాళ్ల వసారా నిండా ఆడవాళ్లు కూర్చుని చెవిదుద్దులకు రాళ్లు అంటిస్తున్నారు. మధ్య గదిలో బల్ల మీద మానిటర్, కీబోర్డు ఉన్నాయి. వైర్లు గోడవారగా వెళ్లి, ఒక పాత కర్ర బీరువా వెనక పొడిచిన రంధ్రంలోకి దూరాయి. బీరువాకు తాళం. తాళంచెవి సుగుణ అత్తగారి కొంగు ముడిలో ఉంది.

"కేబినెట్ ఏదమ్మా?" అన్నాను. సుగుణ బీరువా వైపు చూసింది. పెద్దావిడ నన్ను కిందినుంచి మీది దాకా చూసి, కోడలు తల ఊపాకే ముడి విప్పింది.

తలుపు తెరవగానే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు సెగ ముఖానికి కొట్టింది. మూడు రోజులుగా నేను దోషం వెతికిన కూలర్ ఆ చీకట్లో పాపం తన పని తాను చేస్తూనే ఉంది. ప్రాసెసర్ వేడిని రేడియేటర్‌కు చేరుస్తోంది, రేడియేటర్ బీరువాలోకి వదులుతోంది. ఆ గాలికి బయటికి దారి లేదు. అదే వేడిగాలిని ఫ్యాన్లు మళ్లీ పీల్చుకుంటున్నాయి. నేను అన్ని పరీక్షలూ చేశాను గానీ ఈ మిషన్ ఎక్కడ పెడతారమ్మా అన్న ఒక్క ప్రశ్న అడగలేదు.

నాకు ప్రాణం లేచివచ్చింది. "ఇంతేనా! తలుపులు తీసి ఉంచండి చాలు."

"మీకు చాలండీ" అంది సుగుణ.  "నాకు చాలదు."

అప్పుడు చెప్పింది. రెండేళ్ల కిందట కంప్యూటర్ బాగుచేయడానికి ఒకతను ఇంటికి వచ్చాడు. ముందు జాగ్రత్తకు కాపీ తీస్తున్నానన్నాడు. ఆమె సరేనని లోపలికెళ్లి కాఫీ కూడా పెట్టి ఇచ్చింది. ఆ నెలలోనే ఒక షాపులో ఓ వడ్డాణం చూపించి, "ఇలాంటిది చేయగలవా?" అని అడిగారట. "నా డిజైనేనండీ. మా అచ్చు ఇంకా తయారే కాలేదు. నాది నాకే చూపించి చేయగలవా అని అడిగారు."

 ముందు జాగ్రత్తకి కాపీ. మొదటిరోజు నేను సరిగ్గా అదే మాట అన్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చున్నది టిష్యూ కాగితాల కోసం కాదు, నా చేతుల కోసం. ఆకలి చంపుకుని కాపలా కాసింది నా మీదే. నాకు కోపం రావాలి. రాలేదు. సిగ్గూ జాలీ కలిసి వచ్చాయి.

"సరేనమ్మా. ఇప్పుడు మిషన్ ఈ బల్ల మీద, గాలి తగిలేలా పెడదాం. మీరు తెర ముందు కూర్చోండి. నేను గోడ వైపు తిరిగి కూర్చుంటాను. వేడి ఎంతుందో మీరు చదవండి, నేను వింటాను" అన్నాను.

పెద్దావిడ కుర్చీ తెచ్చి గోడకు ఎదురుగా వేసింది. ఎదురుగా ఒక క్యాలెండరు, దాని మీద గూడూరు ఎరువుల కొట్టు పేరు. వెనక మౌసు క్లిక్కు వినబడింది. ఫ్యాన్లు లేచాయి.

"అరవై రెండండీ."

"ఊఁ."

"అరవై తొమ్మిది. డెబ్బై మూడు. డెబ్బై ఏడండీ... డెబ్బై తొమ్మిది!"

నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. తిరిగి చూడాలని మెడ లాగుతోంది. తిరగకూడదు. ఈ ఇల్లు నా దుకాణం కన్నా వేడి, ఒకటి రెండు డిగ్రీలు పెరగక తప్పదని తెలుసు. తెలిసినా పంపు గురించి, ఆ పల్చటి రెక్కల గురించి భయం తీరలేదు. "ఇప్పుడెంత?" అన్నాను.

"ఎనభై ఒకటి."

"ఇప్పుడు?"

"ఎనభై ఒకటేనండీ." కాసేపాగి, "ఇంకా ఎనభై ఒకటే."

వసారాలో ఆడవాళ్లు పని ఆపేశారని చప్పుడు లేకపోవడాన్ని బట్టి తెలిసింది. అలా ఎంతసేపు కూర్చున్నానో, క్యాలెండరులో తిథులన్నీ చదివేశాను. పెద్దావిడ తెచ్చిన కాఫీ కూడా గోడనే చూస్తూ తాగాను. చివరికి సుగుణ గట్టిగా ఏడ్చింది. అది భయం ఏడుపు కాదని తెలియడానికి నాకు వెనక్కి తిరగాల్సిన పని లేకపోయింది. వడ్డాణం బొమ్మ పూర్తిగా వచ్చింది.

వెళ్లేముందు ఇంకో పని చేశాను. ఆమె డిజైన్లన్నీ ఉండేది ఎస్సెస్‌డీ అనే చిన్న డిస్కులో. అరచేతిలో ఇమిడిపోతుంది. కేబినెట్ ముందు వైపు ఒక ట్రే అమర్చి, మిషన్ కట్టేశాక ఆ డిస్కును బయటికి లాగడం, తిరిగి పెట్టడం ఆమె చేతే చేయించాను. "మీ విలువంతా ఇందులోనే. ఇది తీసి దాచుకుంటే మిగతాది ఉత్త ఇనుము. ఎవరెత్తుకెళ్లినా మీ వడ్డాణం వాళ్లకు దొరకదు."

పెద్దావిడ డిస్కును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఓస్, ఇంతేనా బాబూ? దీనికోసమా బీరువాలో చీరలన్నీ తీసి మంచం కింద కుక్కాం?" అని బొడ్లో దోపుకుంది. సుగుణ మొదటిసారి నవ్వింది.

సోమవారం వచ్చిన వ్యాపారి ఏడాది పని మొత్తం సుగుణ వాళ్లకే ఇచ్చాడు. ఆ చవక కూలర్ ఇప్పటికీ ఆడుతోంది. పాలిష్ పొడిని ఏడాదికి రెండుసార్లు దులపాలి, అంతే. ఇప్పుడు ఎవరైనా అడిగితే ధైర్యంగానే చెబుతాను, తక్కువ ధరకు మంచి వస్తువే అని. కానీ చెప్పేముందు రెండు విషయాలు అడుగుతాను. మిషన్ ఎక్కడ పెడతారు? అక్కడే ఎందుకు పెడతారు? కూలర్ ఏదైనా వేడిని చంపదు, ఇంకో చోటికి మోసుకెళ్తుంది. అక్కడ దారి లేకపోతే అంతా వెనక్కే వస్తుంది. రెండో ప్రశ్న మాత్రం ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. దాన్ని నాకు సుగుణే నేర్పింది.

పోయిన వేసవిలో ఆమె మళ్లీ వచ్చింది, దుమ్ము దులిపించడానికి. కేబినెట్ బల్ల మీద పెట్టి, "డిస్కు లోపలే ఉందన్నయ్య గారూ. బజార్లో పనుంది, సాయంత్రం వస్తాను" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మధ్యాహ్నం మా ఆవిడ ఫోను చేసింది, అన్నం చల్లారిపోతోందని. ఆకలి లేదన్నాను. స్టూలు ఆ బల్ల పక్కకు లాక్కుని, సుగుణ వచ్చేదాకా కూర్చున్నాను.